నాలుగు మీటర్లకు ఒక గింజ తక్కువ

సాయంత్రమయ్యేసరికి రాయ్‌పూర్ సగం తేలీబాంధా చెరువు గట్టున ఉంటుంది. అక్కడివాళ్లు దాన్ని మెరైన్ డ్రైవ్ అని ముద్దుగా పిలుచుకుంటారు. ఆ గట్టు పక్కన వరసగా ఆగిన కార్ల దగ్గరికి ఎవరైనా టేపు పట్టుకెళ్లి ముందు బంపరు నుంచి వెనక బంపరు దాకా కొలిస్తే ఒక వింత బయటపడుతుంది. మారుతి డిజైర్ పొడవు 3,995 మిల్లీమీటర్లు. మారుతి బ్రెజా 3,995. టాటా నెక్సాన్ 3,995. హ్యుందాయ్ వెన్యూ 3,995. కియా సోనెట్ 3,995. ఇనప్పెట్టెకు చక్రాలు బిగించినట్టుండే మహీంద్రా బొలెరో కూడా 3,995.

కంపెనీలు వేరు, ధరలు వేరు, గీసిన చేతులు వేరు. ఒకటి డిక్కీ ఉన్న సెడాన్, ఇంకొకటి ఊళ్లమీద తిరిగే జీపు. పొడవులో మాత్రం అన్నీ ఏకగర్భ సంజాతలే! నాలుగు మీటర్లకు సరిగ్గా అయిదు మిల్లీమీటర్లు తక్కువ. ఛత్తీస్‌గఢ్‌కు 'ధాన్ కా కటోరా' అని పేరు, అంటే వడ్లగిన్నె. ఆ రాష్ట్రపు కొలతలో చెప్పాలంటే ఒక బియ్యపు గింజంత తక్కువ.

ఆ గింజంత జాగా ఎవరు వదిలించారన్నది తెలుసుకుంటే జపాన్‌లో అగ్గిపెట్టెలాంటి కార్లు, అమెరికాలో ఏనుగుల్లాంటి పికప్‌లు, నార్వేలో చప్పుడు లేని విద్యుత్ కార్లు ఎందుకు తిరుగుతున్నాయో కూడా అర్థమవుతుంది.

బడ్జెట్ గీసిన గీత

2006 ఫిబ్రవరి 28న అప్పటి ఆర్థిక మంత్రి పి.చిదంబరం తన బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి దించారు. చిన్న కారంటే ఏదో కూడా అప్పుడే నిర్వచించారు. పొడవు నాలుగు మీటర్లు మించకూడదు. ఇంజను పెట్రోల్‌దైతే 1,200 సీసీ, డీజిల్‌దైతే 1,500 సీసీ దాటకూడదు.

కార్ల కంపెనీలు రంపాలు బయటికి తీశాయి. టాటా తన ఇండిగో సెడాన్ డిక్కీని కత్తిరించి 2008లో ఇండిగో సీఎస్ తెచ్చింది. అదే ఏడాది 4,160 మిల్లీమీటర్లతో బజారుకొచ్చిన డిజైర్, 2012 నాటికి 3,995కి కుదించుకుపోయింది. వెనక నుంచి చూస్తే ఎవరో రెండు బెత్తెలు కోసేసినట్టు ఉందని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. కొన్నవాళ్లు అంతకన్నా ఎక్కువమంది. 2016లో బొలెరో వంతు వచ్చింది. పవర్ ప్లస్ పేరుతో వచ్చిన కొత్త బొలెరోలో పొడవు 4,107 నుంచి 3,995 మిల్లీమీటర్లకు, ఇంజను రెండున్నర లీటర్ల నుంచి 1,493 సీసీకి తగ్గాయి.

జీఎస్టీ వచ్చాక కూడా ఆ గీత చెరగలేదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గీతకు ఇవతలున్న కారుపై పన్ను 18 శాతం, అవతలున్న కారుపై 40 శాతం. ఫ్యాక్టరీ గేటు దగ్గర 7 లక్షలు పలికే బండిని లెక్కకు తీసుకుందాం. ఇవతలైతే పన్ను 1.26 లక్షలు, అవతలైతే 2.80 లక్షలు. ఒక్క మిల్లీమీటరు జారితే లక్షా యాభై నాలుగు వేలు తేడా. షోరూంలో ఏ సేల్స్‌మనూ ఈ లెక్క చెప్పడు. ఎందుకంటే అది కారు ఆకారంలోనే ఇమిడిపోయి ఉంది.

పన్ను మహిమను రాయ్‌పూర్ ఇంకో రకంగానూ చూసింది. 2025 జనవరిలో ఇక్కడి డీలర్ల సంఘం 'రాడా' ఆటో ఎక్స్‌పో పెట్టినప్పుడు, అందులో కొన్న వాహనాలకు జీవితకాల రోడ్డు పన్నులో సగం మాఫీ చేయాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. పండగ ముహూర్తానికి ఆగేవాళ్లలాగే ఎక్స్‌పో ముహూర్తానికి ఆగేవాళ్లూ తయారవుతారంటే ఆశ్చర్యం లేదు.

ఈ గీత భారతదేశానిదే గానీ కారుది కాదని తేల్చే సాక్ష్యం రాయలసీమలో ఉంది. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2020 నుంచి సోనెట్ తయారవుతోంది. మన రోడ్ల మీద తిరిగే సోనెట్ 3,995 మిల్లీమీటర్లు. ఇండోనేషియాలో అమ్మే సోనెట్ 4,120. ఆ దేశంలో నాలుగు మీటర్ల నియమం లేదు కాబట్టి ఓడ ఎక్కే బండి కాస్త ఒళ్లు విరుచుకుంటుంది.

జపాన్ వ్యాగన్ఆర్, మన వ్యాగన్ఆర్

పన్నుతో కార్లను చిన్నవి చేయడం మనకన్నా ముందు జపాన్ చేసిన పని. యుద్ధంలో చితికిపోయిన దేశంలో సామాన్యుడు కూడా నాలుగు చక్రాలెక్కాలని 1949లో 'కేయి' అనే వర్గాన్ని పెట్టారు. ఇంజను హద్దు మొదట్లో బాగా చిన్నది. 360 సీసీ మీద చాలాకాలం నిలిచి, 1976లో 550కి, 1990లో 660కి పెరిగింది. ఇప్పటి కేయి కారు పొడవు 3.4 మీటర్లు, వెడల్పు 1.48 మీటర్లు దాటకూడదు. సొంతానికి వాడుకునే ఈ బండ్లకు పసుపు నంబరు ప్లేటు ఉంటుంది. మన దేశంలో ట్యాక్సీకి ఉండే రంగు అక్కడ పొదుపుకు గుర్తు.

జపాన్‌లో కారు కొనాలంటే నిలుపుకోవడానికి జాగా ఉందని పోలీసుల దగ్గర పత్రం తెచ్చుకోవాలి. కేయి కార్లకు చాలా పల్లె ప్రాంతాల్లో ఆ తిప్పలు లేవు. పన్ను తక్కువ, బీమా తక్కువ, సందులో సులువుగా దూరుతుంది. అక్కడ అమ్ముడయ్యే కొత్త కార్లలో సుమారు మూడో వంతు ఇవే. హోండా ఎన్‌-బాక్స్ అనే కేయి కారు ఏళ్ల తరబడి అమ్మకాల పట్టికలో మొదటి వరసలో ఉంటోంది.

మన దేశపు కారు చరిత్రకు ఇక్కడే పేగుబంధం ఉంది. 1983 డిసెంబర్ 14న ఇందిరా గాంధీ చేతుల మీదుగా తొలి యజమానికి తాళం అందిన మారుతి 800, సుజుకీ వారి కేయి కారు వంశమే. జపాన్‌లో 543 సీసీతో నడిచిన బండికి 796 సీసీ ఇంజను పెట్టారు. 1993లో జపాన్‌లో పుట్టి 1999 చివర్లో మన దేశానికొచ్చిన వ్యాగన్ఆర్ కూడా ఆ వంశానిదే. ఇప్పుడు ఆ రెండు దేశాల వ్యాగన్ఆర్‌లను పక్కపక్కన పెడితే అన్నదమ్ములని గుర్తుపట్టడం కష్టం. జపాన్ బండి 3,395 మిల్లీమీటర్ల పొడవు, 1,475 వెడల్పు, ఇంజను 658 సీసీ. 2019లో వచ్చిన మన బండి 3,655 పొడవు, 1,620 వెడల్పు, ఇంజను 998 లేదా 1,197 సీసీ. దాదాపు ఆరంగుళాల ఆ అదనపు వెడల్పు వల్లే వెనక సీట్లో మూడో మనిషి కూర్చోగలుగుతున్నాడు. జపాన్ కేయి కారుకు చట్టం ప్రకారమే నలుగురికి మించి చోటు లేదు. మన ఇళ్లలో 'అయిదుగురు' అనేది కూడా మొహమాటానికి చెప్పే అంకె.

కోడిమాంసం తగాదా, పికప్ వైభోగం

అమెరికాలో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ పికప్ నాలుగు దశాబ్దాలకు పైగా అత్యధికంగా అమ్ముడవుతున్న వాహనం. నాలుగు తలుపుల ఎఫ్-150 ఒక్కొక్కటీ దాదాపు 5.9 మీటర్లు, వెడల్పు రెండు మీటర్ల పైచిలుకు. దాన్ని రాయ్‌పూర్ గోల్‌బజార్ సందులోకి తోలితే అటూ ఇటూ దుకాణాల అరుగులు తీసేయాల్సి వస్తుంది.

విశాలమైన రోడ్లు, చవక పెట్రోలు, దూరాభారాలు కారణాలే. వాటి వెనక ఒక కోడి కథ కూడా ఉంది. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవగ్గా వచ్చిపడుతున్న కోడిమాంసంపై పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ సహా ఐరోపా మార్కెట్ దేశాలు సుంకం పెంచాయి. దానికి ప్రతీకారంగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ బంగాళాదుంప పిండి, డెక్‌స్ట్రిన్, బ్రాందీలతో పాటు తేలికపాటి ట్రక్కుల దిగుమతి మీద కూడా 25 శాతం సుంకం వేశారు. 1964లో అమల్లోకొచ్చిన ఆ సుంకాల్లో ట్రక్కులది మాత్రం నిలిచిపోయింది. విదేశీ పోటీ లేని చోట సొంత కంపెనీలకు పికప్‌లు బంగారు బాతులయ్యాయి. 1975 చట్టంతో వచ్చిన మైలేజీ ప్రమాణాలు కార్లను కట్టడి చేసి ట్రక్కులను కొంత వదిలేశాయి. ఎస్‌యూవీలను కూడా ట్రక్కుల ఖాతాలోనే వేశారు. కంపెనీలు ఎటు మొగ్గుతాయో చెప్పక్కర్లేదు.

థాయ్‌లాండ్‌లోనూ పికప్‌లదే రాజ్యం. అక్కడ వాటిపై ఎక్సైజ్ పన్ను కార్లకన్నా తక్కువ. పొలం పనికీ, పెళ్లి ప్రయాణానికీ అదే బండి. ఆస్ట్రేలియాలో 2016 నుంచి 2022 దాకా టయోటా హైలక్స్, ఆ తర్వాత ఫోర్డ్ రేంజర్ అమ్మకాల్లో ముందున్నాయి. రెండూ పికప్‌లే. థాయ్‌లాండ్‌లో ఇంటింటి పేరైన ఇసుజు డీ-మ్యాక్స్‌ను 2016 నుంచి మన శ్రీసిటీలోనూ తయారుచేస్తున్నారు. దాని కుటుంబ రూపం వీ-క్రాస్ మన రోడ్లమీద కనిపిస్తే జనం తల తిప్పి చూస్తారు. అంత అరుదు. రాయ్‌పూర్‌లో పికప్ అనగానే టమాటా బుట్టలు, సిమెంటు బస్తాలు, ఇనప కడ్డీలు గుర్తొస్తాయి. సిల్తరా, ఉర్లా పారిశ్రామికవాడల నుంచి వరసగా వచ్చే ఆ బండ్లను చూసిన మనిషికి, అదే ఆకారం మీద పాతిక లక్షలు పోసి పెళ్లాంపిల్లలను ఎక్కించాలనిపించదు.

ఘాట్ ఎక్కే బండి

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబర్ 1న పుట్టింది. బొలెరో కూడా ఆ ఏడాదే పుట్టింది. రాష్ట్రంతో పాటే పెరిగిన ఆ బండి, ముఖ్యంగా బస్తర్ వైపు, నేటికీ వదలకుండా కనిపిస్తుంది. కారణం చూడాలంటే రాయ్‌పూర్ నుంచి 30వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని దక్షిణానికి పోవాలి. ధమ్తరి, కాంకేర్ దాటాక కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది. పన్నెండు మలుపులు. ఆ రోడ్డే కొండగావ్, జగదల్‌పుర్, కుంట, భద్రాచలం, కొత్తగూడెం మీదుగా విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ముగుస్తుంది.

మామూలు కారుకు ఒంటి పైరేకే అస్థిపంజరం. గుడ్డు పెంకులా బరువంతా చుట్టూ పంచుకుంటుంది. దీన్ని మోనోకాక్ అంటారు. తేలిక, మైలేజీ ఎక్కువ, కుదుపు తక్కువ. బొలెరోకు కింద నిచ్చెనలాంటి ఉక్కు చట్రం ఉంటుంది. రెండు నిలువు దూలాలు, మధ్యలో అడ్డపట్టీలు, దానిమీద బాడీ బిగిస్తారు. ఒక చక్రం గోతిలో, ఒక చక్రం రాయి మీద ఉన్నప్పుడు వచ్చే మెలిపెట్టే బలాన్ని చట్రం భరిస్తుంది, తలుపులు బిగుసుకుపోవు. వెనక ఉన్న కమాన్ పట్టీలు ఖాళీగా ఉన్నప్పుడు నడుములు విరగ్గొడతాయి. బరువెక్కేకొద్దీ బండి నిలకడగా నడుస్తుంది. ఎదురెదురుగా పక్కసీట్లలో కూర్చున్న మనుషులు, టాప్ మీద బియ్యం మూటలు ఉన్నప్పుడే దాని అసలు ప్రతిభ.

ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది. బొలెరోలో ఇంజను బలం వెనక చక్రాలకే పోతుంది కాబట్టి నేల మీద పట్టు చిక్కుతుంది. డీజిల్ ఇంజను సుమారు 75 హార్స్‌పవరే అయినా దాని టార్క్, అంటే ఇరుసును తిప్పే బలం, 210 న్యూటన్ మీటర్లు. అదీ నిమిషానికి 1,600 చుట్ల దగ్గరే అందుతుంది. ఇంజను గోల పెట్టకుండా రెండో గేరులో మెల్లగా లాగేయడానికి అదే కావాలి. పైగా కంకర రోడ్డు మధ్యలో చెడితే ఊళ్లో మెకానిక్ విప్పి బిగించగలగాలి. కార్ల పోటీలో ఇది తెరల సైజు కన్నా పెద్ద గుణం.

నగరంలో ఉండేవాడికి ఘాట్ లేకపోయినా స్పీడ్ బ్రేకర్ ఉంది. వానాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డుంది. అందుకే ఎత్తయిన చిన్న బండ్ల మోజు పెరిగింది. 3,827 మిల్లీమీటర్ల పొడవు, నేలకూ అడుగుభాగానికీ మధ్య 187 మిల్లీమీటర్ల ఎడం ఉన్న టాటా పంచ్, 2024లో దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారైంది. దాదాపు నలభై ఏళ్ల తర్వాత ఆ స్థానం మారుతి చేతిలోంచి జారింది.

ఎండ, ఇంధనం

మే నెలలో రాయ్‌పూర్ 45 డిగ్రీలు చూస్తుంది. సీజీ-04 నంబరు బండ్లలో ఇన్ని తెల్లవి ఎందుకున్నాయో ఆ ఎండలో నిలబడితే తెలుస్తుంది. కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల శాస్త్రవేత్తలు నల్లకారునూ వెండిరంగు కారునూ పక్కపక్కన ఎండలో ఉంచి 2011లో ఫలితం ప్రకటించారు. వెండిరంగు కారు లోపల గాలి 5 నుంచి 6 డిగ్రీలు చల్లగా ఉంది. తెలుపు కూడా అలాగే ఎండను తిప్పికొడుతుంది. లోపల వేడి తగ్గితే ఏసీ పని తగ్గుతుంది, ఏసీ పని తగ్గితే ఇంజను మీద భారం తగ్గుతుంది. కాబట్టి రంగు కూడా మైలేజీ సంగతే. చలిదేశాల ప్రకటనల్లో సీటును వేడిచేసే ఏర్పాటు ఉంటే, మన ప్రకటనల్లో సీటులోంచి చల్లగాలి, వెనక సీటుకు వేరే ఏసీ కంత ఉంటాయి.

ఇంధనం దగ్గరికొస్తే దేశానికో దారి. 1973 చమురు సంక్షోభంలో దెబ్బతిన్న బ్రెజిల్ 1975లో చెరకు ఆల్కహాల్ పథకం మొదలుపెట్టింది. 2003 నుంచి పెట్రోలైనా, ఇథనాలైనా, రెండూ కలిపైనా తాగే ఇంజన్లు అక్కడ మామూలైపోయాయి. పశ్చిమ ఐరోపాలో డీజిల్ మీద పన్ను పెట్రోల్ కన్నా తక్కువ ఉండటంతో ఒక దశలో కొత్త కార్లలో సగం డీజిల్‌వే. 2015లో ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల మోసం బయటపడ్డాక ఆ మోజు వేగంగా కరిగింది. నార్వే 1990ల నుంచే విద్యుత్ కార్లకు కొనుగోలు పన్ను ఎత్తేసింది. 2001లో వ్యాట్ నుంచి కూడా మినహాయించింది. 2024లో అక్కడ అమ్ముడైన ప్రతి పది కొత్త కార్లలో దాదాపు తొమ్మిది విద్యుత్తువే. ఆ కరెంటు చాలావరకు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వస్తుంది. రాయ్‌పూర్‌లో ప్లగ్గుకు తగిలించిన కారు మాత్రం ఎక్కువగా కోర్బా బొగ్గు తాగుతుంది. అయినా కార్ఖానాల పొగ గొట్టాల ధూళే చాలనుకునే నగరంలో, వీధిలో పొగ లేని బండి విలువ వేరు.

ఇంటి తలకాయల లెక్క

ఆడీ కంపెనీ చైనా కోసం ఏ6 కారును సాగదీసి ఏ6ఎల్ అని అమ్ముతుంది. సాగింది వెనక సీటు దగ్గరే. అక్కడ యజమాని, పెద్దవాళ్లు వెనక కూర్చుంటారు. జర్మనీలో అదే కారును కొన్నవాడు తానే తోలుతూ, వేగ పరిమితి లేని ఆటోబాన్ ముక్కల్లో దాని పొట్టి ఎత్తును, గాలిని చీల్చే ఒంపులను వాడుకుంటాడు. ఇండోనేషియాలో ఏడు సీట్ల బండే కుటుంబ కారు. 1977లో అక్కడ మొదలైన టయోటా కిజాంగ్ వంశంలోదే మన ఇన్నోవా. 2005లో భారత్‌కు వచ్చి, తెలుగునాట ఎమ్మెల్యే కాన్వాయ్ నుంచి తిరుపతి మొక్కు దాకా అన్నిటికీ అదే అయింది.

రాయ్‌పూర్, భిలాయి తెలుగువాళ్లకు ఈ ఏడు సీట్ల లెక్క బాగా తెలుసు. 1931లో పూర్తయిన రాయ్‌పూర్–విజయనగరం రైలుమార్గం, ఆ తర్వాత 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయి ఉక్కు కర్మాగారం ఉత్తరాంధ్ర కుటుంబాలను ఇటు రప్పించాయి. సంక్రాంతికి ఊరెళ్లాలంటే రైలు దొరక్కపోతే కేశ్‌కాల్, జగదల్‌పుర్, కోరాపుట్, సాలూరు. రెండు ఘాట్లు, ఒక రాత్రి. అమ్మమ్మ ముందు సీట్లో, పిల్లలు వెనక వరసలో, అరిసెల డబ్బాలు కాళ్ల దగ్గర. అలాంటి ప్రయాణం చేసినవాళ్లు కారు కొనేటప్పుడు టాప్ స్పీడు అడగరు. మూడో వరసలో కాళ్లు పడతాయా, లీటరుకి ఎంతిస్తుంది అని అడుగుతారు. రాయ్‌పూర్ హిందీలో అదే ప్రశ్న 'కిత్నా దేతీ హై?'

ఆ ప్రశ్న అట్లాంటిక్ దాటాక రూపం మార్చుకుంటుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో దిగిన తెలుగు విద్యార్థికి సీనియర్లు సాధారణంగా చెప్పే పేర్లు టయోటా కోరోలా, కామ్రీ, హోండా సివిక్, అకార్డ్. అన్నీ సెకండ్ హ్యాండ్‌వే. పెట్రోలు గురించి బెంగ తక్కువ, చెడిపోతే మెకానిక్ కూలి గురించి బెంగ ఎక్కువ. తిరిగి అమ్మితే ఎంతొస్తుందన్నది మాత్రం రెండు చోట్లా ఒకటే. రాయ్‌పూర్‌లో మారుతి కొన్న తండ్రి, అమెరికాలో కామ్రీ కొన్న కొడుకు వేర్వేరు కార్లు కొన్నారు, ఒకే లెక్క వేశారు.

కొండ కింద కొత్త దారి

ఈ లెక్కలో ఒక అంకె త్వరలో మారబోతోంది. రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం దాకా 464 కిలోమీటర్ల ఆరు వరసల రహదారి కడుతున్నారు. కేశ్‌కాల్ కొండల్లో దానికోసం 2.79 కిలోమీటర్ల జంట సొరంగం తవ్వారు. పన్నెండు మలుపులు ఎక్కే బదులు కొండ కడుపులోంచే దూసుకుపోవచ్చు.

అక్కడ భౌతికశాస్త్రం తిరగబడుతుంది. గాలి నిరోధం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అంతగా పట్టించుకోని ఎదురుగాలి, 100 దగ్గర దాదాపు 2.8 రెట్లవుతుంది. ఘాట్‌లో మేలు చేసిన ఎత్తు, నిటారు అద్దం, టాప్ క్యారియర్ ఆ దారిలో డీజిల్ తాగే బరువులవుతాయి. గంటల తరబడి ఒకే వేగంతో పోయేటప్పుడు జర్మన్లు ఇష్టపడే పొట్టి, పొడుగాటి కారే పొదుపు. కానీ పొడుగాటి కారు నాలుగు మీటర్ల గీత దాటిపోతుంది, 40 శాతం పన్ను పడుతుంది. దారి దిగి విజయనగరం జిల్లాలో సొంతూరి మట్టిరోడ్డు ఎక్కగానే అడుగు తగులుతుంది.

ఆ రోడ్డు తెరిచాక, సబ్బవరం దగ్గర దిగే సీజీ-04 బండ్లను ఎవరైనా మళ్లీ టేపు పెట్టి కొలవాలి. పొడవును కాదు, ఈసారి ఎత్తును.